ఖాళీగా నిలిచిన టౌన్ సెంటర్

చిరంజీవి అబ్బాయికి అమ్మ ఆశీర్వదించి రాయునది.

ఊరు కట్టి, సైన్యం పెంచి పోరాడే కంప్యూటర్ ఆట ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2లో నువ్వు ఓడిన ఆట రికార్డింగును, అదే నువ్వు పంపిన రీప్లేను, రెండుసార్లు చూశాను. మొదటిసారి నీ వైపు నుంచి, రెండోసారి నిన్ను ఓడించిన ఆటగాడి వైపు నుంచి. "నా వేళ్లు అతని వేళ్లంత వేగంగా కదలవమ్మా, అందుకే ఓడిపోతున్నాను" అని నువ్వు ఫోన్‌లో అన్న మాట మనసులో మెదులుతూ ఉండడం వల్ల, అది ఎంతవరకు నిజమో తేల్చుకోవాలని కాగితం, కలం దగ్గర పెట్టుకుని మరీ కూర్చున్నాను. అది నిజం కాదు నాన్నా. నీ చివరి సైనికుడు పడిపోయింది 27వ నిమిషంలోనే అయినా, ఆట నీ చేజారింది అంతకు చాలా ముందు, ఎవరూ ఎవరితోనూ పోరాడని సమయంలో.

ఆ సంగతి అంకెలతో చెబుతాను. ఈ ఆటలో ఆహారం, కట్టెలు తెచ్చే పనివాడైన ఒక విలేజర్ టౌన్ సెంటర్‌లో తయారు కావడానికి 50 ఆహారం, 25 సెకన్లు పడుతుందని నీకు తెలుసు. నీ టౌన్ సెంటర్ పని లేకుండా నిలిచిన ప్రతిసారీ ఆటను ఆపి ఆ వ్యవధిని రాసుకున్నాను. మూడో నిమిషంలో గొర్రెలు దొరకక ఆహారం నిండుకున్నప్పుడు 30 సెకన్లు, ఇళ్లు చాలక జనాభా ఆగిపోయినప్పుడు ఒకసారి 45, మరోసారి 50, అతని ఆర్చర్లు, అంటే విలుకాళ్లు, నీ కట్టెల దగ్గరికి వచ్చినప్పుడు నువ్వు వాళ్ల వెంటే కళ్లు పెట్టుకుని ఉండిపోయిన 75 సెకన్లు, అన్నీ కలిపితే 200 సెకన్లు. అంటే ఎనిమిది మంది విలేజర్లు పుట్టకుండానే పోయారు. 17వ నిమిషంలో అతనికి 38 మంది ఉంటే నీకు 30 మంది ఉన్నారు. ఆ తేడాకు, పోయిన ఆ సెకన్లకు లెక్క సరిగ్గా సరిపోతోంది. అతను నీకంటే గొప్పగా పోరాడాడని నువ్వు అనుకున్నావు, కానీ అతను చేసిందల్లా టౌన్ సెంటర్‌ను ఆగనివ్వకపోవడమే.

ఇళ్ల విషయం మరీ బాధ కలిగించింది. 25 కట్టెలు పెడితే ఐదుగురికి చోటిచ్చే ఇల్లు వస్తుంది, దాన్ని కట్టడానికి ఒక విలేజర్‌కు 25 సెకన్లు చాలు. రెండోసారి నీ జనాభా ఆగిపోయినప్పుడు నీ దగ్గర 340 కట్టెలు ఊరికే పడి ఉన్నాయి. లోటు ఉండి ఆగిపోతే ఒక అర్థం ఉంది, ఉన్నదాన్ని చూసుకోక ఆగిపోవడం మాత్రం నువ్వు మానుకోవలసిన మొదటి అలవాటు. జనాభా అంకెకు, ఇళ్ల అంకెకు మధ్య తేడా మూడుకు వచ్చేసరికి తరవాతి ఇంటికి పునాది పడిపోవాలి. నువ్వు రెండు అంకెలూ సమానమయ్యేదాకా ఆగుతున్నావు.

వేళ్ల వేగం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే నీ మనసులో ముల్లులా గుచ్చుకుంటున్నది అదే. ఆన్‌లైన్ ర్యాంక్ ఆటల్లో కాలం 1.7 రెట్లు వేగంగా నడుస్తుంది కాబట్టి, ఆట గడియారంలోని 25 సెకన్లు మన గడియారంలో సుమారు 15 సెకన్లు అవుతాయి. 15 సెకన్లకు ఒకసారి హెచ్ కీ నొక్కి టౌన్ సెంటర్‌కు వెళ్లి, ఒక విలేజర్‌ను ఆజ్ఞాపించి తిరిగి రావడానికి మెరుపు వేళ్లు అవసరం లేదు. కావలసింది లయ. పోరు ఎంత తీవ్రంగా ఉన్నా, ఆర్చర్లు ఎంత ప్రమాదంలో ఉన్నా, ఆ లయ తప్పకుండా చెయ్యి దానంతట అదే హెచ్ మీదికి వెళ్లేలా కొన్నాళ్లు ఆ ఒక్క పనినే సాధన చెయ్యి. ఒకేసారి ఐదారుగురిని వరుసలో పెట్టేస్తే సరిపోతుంది కదా అని నీకు అనిపించవచ్చు, కానీ వరుసలో పెట్టిన ప్రతి విలేజర్‌కూ 50 ఆహారం అప్పుడే ఖర్చైపోతుంది. ఆరంభంలో చేతిలో ఉండే 200 ఆహారం నలుగురికే సరిపోతుందన్న సంగతి గుర్తుంచుకుంటే, తరవాతి దశ ఫ్యూడల్ ఏజ్‌కు వెళ్లడానికి కావలసిన 500 ఆహారాన్ని ఆ వరుస ఎలా మింగేస్తుందో నీకే తెలుస్తుంది. ఇద్దరికి మించి వరుసలో ఉంచకు.

ఇక గంట సంగతి. 14వ నిమిషంలో అతని ఆర్చర్లు ముగ్గురే ముగ్గురు నీ అడవి అంచున కనిపించారు. నువ్వు వెంటనే విలేజర్లందరినీ టౌన్ సెంటర్‌లో దాక్కోమనే గంట కొట్టావు. నీ 24 మంది విలేజర్లూ ఎక్కడి పని అక్కడే వదిలి పరుగెత్తారు, పదిహేను మంది లోపలికి వెళ్లారు, మిగిలినవాళ్లు చోటు లేక గుమ్మం దగ్గరే నిలబడిపోయారు. ఆ ముగ్గురు ఆర్చర్లు ఒక్క బాణమైనా వేయకుండా వెనక్కి తగ్గారు. నువ్వు ఊపిరి పీల్చుకుని 40 సెకన్ల తరవాత మళ్లీ అందరినీ పనిలోకి పంపావు. నాకు ఆ చోట ఆటను ఆపి లెక్క వేయాలనిపించింది. 24 మంది 40 సెకన్లు పని మానేస్తే 300 పైచిలుకు ఆహారం, కట్టెలు, బంగారం రాకుండా పోతాయి. ఆ ముగ్గురు ఆర్చర్లకూ అతను పెట్టిన ఖర్చు అంతా కలిపి 210. వాళ్లు నీ మీద బాణం వేయకుండానే తమ ఖరీదు రాబట్టుకుని, ఇంకా లాభం కూడా తెచ్చిపెట్టారన్నమాట. కట్టెల దగ్గరున్న ఆరుగురిని మాత్రం పక్కకు జరిపి, మిగతా పద్దెనిమిది మందినీ వాళ్ల పని వాళ్లు చేసుకోనిస్తే నీకు పోయేది ఎంతో కొద్ది.

ఈ ఆటలో వేధింపు దాడుల అసలు ప్రయోజనం చంపడం కాదు, ఎదుటివాడి దృష్టిని చీల్చడం. దీనికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ ఇలాంటిదే మరో యుద్ధ ఆట స్టార్‌క్రాఫ్ట్ 2లో ఉంది. డీప్‌మైండ్ అనే కృత్రిమ మేధ సంస్థ తయారుచేసిన, ఆ ఆటను తానే ఆడే ఆల్ఫాస్టార్ అనే ప్రోగ్రాం, టీఎల్ఓ, మానా అనే ఇద్దరు వృత్తి ఆటగాళ్లను చెరి ఐదు ఆటల్లోనూ ఓడించింది. 2019 జనవరిలో ఆ ఫలితాలను లోకానికి చూపించిన రోజునే మానా దానితో మరో ఆటను ప్రత్యక్ష ప్రసారంలో ఆడి గెలిచాడు. వార్ప్ ప్రిజం అనే రవాణా విమానంలో ఇమ్మోర్టల్ అనే పోరాట యంత్రాలను రెండింటిని ఎక్కించి ఆల్ఫాస్టార్ స్థావరం వెనక దించేవాడు, దాని సైన్యమంతా వాటి కోసం ఇంటికి తిరిగి రాగానే వాటిని మళ్లీ ఎక్కించుకుని వెళ్లిపోయేవాడు, సైన్యం ముందుకు కదలగానే మళ్లీ దించేవాడు. ఆ రాకపోకల్లో ఆల్ఫాస్టార్ దాడికి వెళ్లవలసిన సమయం కరిగిపోయింది, ఈలోగా మానా తనకు కావలసిన సైన్యాన్ని కూర్చుకున్నాడు. నువ్వు గంట కొట్టినప్పుడు నాకు గుర్తొచ్చింది ఆ ఆటే. చిన్న ప్రమాదానికి చిన్న బలగాన్నే పంపాలి. వచ్చినవాళ్లు ఎందరో లెక్కపెట్టి, దానికి తగినంత మాత్రమే కదిలించాలి.

లెక్కపెట్టాలంటే ముందు చూడాలి. చుట్టుపక్కల చూసి రావడానికి పంపే గుర్రపు స్కౌట్ నీది నాలుగో నిమిషం నుంచి నీ గొర్రెల పక్కనే నిలబడి ఉంది. టౌన్ సెంటర్ తరవాత నిన్ను ఎక్కువగా దెబ్బతీసింది అదే అయినా, నీకు అది తెలిసే అవకాశమే లేకపోయింది. అతను బంగారం మీద మనుషులను పెట్టి, ఆర్చర్లను తయారుచేసే ఆర్చరీ రేంజ్‌లు రెండు కట్టాడు. నువ్వు అతను గుర్రాలతో వస్తాడని ఊహించి ఈటెగాళ్లయిన స్పియర్‌మెన్‌ను తయారు చేశావు. అప్‌గ్రేడ్లు లేని ఆర్చర్ బాణం స్పియర్‌మన్‌ను ఏడు చొప్పున గాయపరుస్తుంది, అతని ప్రాణబలం 45 కాబట్టి 7 బాణాలకు పడిపోతాడు. అదే బాణం ఆర్చర్లను ఎదుర్కోవడానికే ఉన్న స్కర్మిషర్‌కు తగిలితే కవచం వల్ల ఒక్కటే తగ్గుతుంది, కాబట్టి 30 బాణాలు కావాలి. పైగా స్కర్మిషర్‌కు 25 ఆహారం, 35 కట్టెలు చాలు, బంగారమే అక్కర్లేదు. ఏడెనిమిది నిమిషాల మధ్య ఒక్కసారి అతని ఊరి చుట్టూ స్కౌట్‌ను తిప్పి ఉంటే, బంగారం దగ్గరి మనుషులను చూసి ఆర్చర్లు వస్తారని, గుర్రపుసాల కనిపిస్తే స్కౌట్లు వస్తాయని, ఏమీ కనిపించకపోతే అతను నేరుగా మూడో దశ క్యాజిల్ ఏజ్‌కు పోతున్నాడని నీకు తెలిసేది. ప్రత్యర్థి ఏం చేస్తున్నాడో తెలియకుండా తయారుచేసిన సైన్యం పెట్టిన ఖర్చులో సగం విలువకే పనిచేస్తుంది.

సైన్యం గురించి ఇంకొక్క మాట, అది కాస్త పొడవైన మాట. నువ్వు ఆర్చరీ రేంజ్ కట్టిన తరవాత సైనికులు చేరవలసిన చోటును నేరుగా పోరు జరుగుతున్న మైదానంలో పెట్టావు. కొత్తవాళ్లు ఇద్దరిద్దరుగా వెళ్లి, అక్కడ ఉన్న పది మంది ఆర్చర్ల ముందు ఇద్దరిద్దరుగా పడిపోయారు. లాంచెస్టర్ అనే ఆంగ్లేయ ఇంజనీరు 1916లో ఒక సూత్రాన్ని వివరించాడు: దూరం నుంచి కొట్టే సేనల బలం వాటి సంఖ్యతో కాక, సంఖ్య వర్గంతో పెరుగుతుంది. సమానమైన పది మంది, పది మంది ఎదురుపడితే రెండు వైపులా తుడిచిపెట్టుకుపోతారు. అదే పది మంది ముందు ఒక ఐదుగురు, వాళ్లు పడిపోయాక మరో ఐదుగురు వస్తే, పది వర్గమైన వందలోంచి ఐదు వర్గమైన పాతిక, మళ్లీ పాతిక పోగా 50 మిగులుతుంది, దాని వర్గమూలం సుమారు ఏడు, అంటే ఏడుగురు బతికి ఉంటారు. ఖర్చు ఒకటే, మనుషులూ అంతమందే, ఫలితంలో మాత్రం ఏడుగురి తేడా. ఎత్తైన నేల మీదివాళ్లకు దెబ్బ 25 శాతం ఎక్కువగా పడడం వంటివి ఈ లెక్కను కొంత మారుస్తాయి, అయినా మూలం మారదు. చేరవలసిన చోటును నీ ఊరి లోపలే పెట్టు, పది మంది కూడాక ఒక్కటిగా కదిలించు, పోరులో తక్కువపడుతున్నావని తెలిసిన క్షణాన వెనక్కి తీసుకో. బతికి వచ్చిన ఆరుగురు తరవాత వచ్చే ఆరుగురితో కలిస్తే పన్నెండు మంది అవుతారు.

ఎప్పుడు దాడి చెయ్యాలి, ఎప్పుడు విలేజర్లను పెంచుకోవాలి అని నువ్వు అడిగిన ప్రశ్నకు నా దగ్గరున్న కొలత ఒక్కటే. గొర్రెల దగ్గరి విలేజర్ నిమిషానికి సుమారు 20 ఆహారం తెస్తాడు, కాబట్టి తన 50 తిరిగి రాబట్టడానికి రెండున్నర నిమిషాలు తీసుకుంటాడు. నిర్ణయాత్మకమైన పోరు ఒక నిమిషంలో జరగబోతోందని నీకు కచ్చితంగా తెలిస్తే ఆ 50ని సైన్యానికి పెట్టడం మేలు. ఐదు నిమిషాల దాకా జరగదని తెలిస్తే విలేజర్‌కు పెట్టడం మేలు. అది తెలియడానికే మళ్లీ స్కౌట్ కావాలి.

గెలుస్తున్నప్పుడు చేసే తప్పు వేరు, దాన్ని నేను స్వయంగా చేశాను. కిందటి నెలలో ఒక ఆటలో ప్రత్యర్థి సైన్యాన్నంతా మైదానంలో తుడిచిపెట్టాను, నా 18 మంది నైట్‌లలో, అంటే గుర్రపు యోధులలో, 15 మంది మిగిలారు. అప్పుడు అతని బంగారు గనులను ఆక్రమించి, ఇంటి దగ్గర 275 కట్టెలు, 100 రాళ్లతో మరో టౌన్ సెంటర్ కట్టుకుని ఉంటే అతను తేరుకునేవాడే కాదు. నేను మాత్రం అప్పటికప్పుడు ముగించాలన్న ఆత్రంతో ఆ 15 మందినీ అతని కోట కిందికి నడిపించాను. కోట బాణాలు, వెనక నుంచి స్పియర్‌మెన్ కలిసి అందరినీ పడగొట్టారు, పది నిమిషాల తరవాత నేనే ఓటమి ఒప్పుకోవలసి వచ్చింది. ఆధిక్యం చేతికి వస్తే దాన్ని మ్యాప్ మీద పరుచుకోవాలి. అతనికి బంగారం, కట్టెలు అందకుండా చేస్తే కోట గోడలు ఎంత గట్టివైనా అతనికి ఉపయోగపడవు.

ప్రతి ఆటకూ ఒక కొత్త నాగరికతను తీసుకోవడం కొన్నాళ్లు మానెయ్యి. ఫ్రాంక్స్ గుర్రపు దళానికి ప్రాణబలం 20 శాతం ఎక్కువ, బ్రిటన్ల ఆర్చర్లకు దూరం ఎక్కువ. ఏదో ఒకటి ఎంచుకుని అదే ఆరంభ క్రమాన్ని, మొదటి ఆరుగురు గొర్రెలకు, తరవాతి నలుగురు కట్టెలకు అన్న వరుసను కళ్లు మూసుకుని నడిపించగలిగే దాకా ఆడు. ఆరంభానికి ఆలోచన ఖర్చు కాకపోతే, ఆ మిగిలిన ఆలోచన స్కౌట్‌కు దక్కుతుంది. రేటింగ్ తగ్గిందని దిగులుపడకు. సమానమైనవాడి చేతిలో ఓడితే పోయేది సుమారు 16 పాయింట్లు, నీకు జోడీ కుదిర్చే పద్ధతి నిన్ను సగం ఆటలు గెలిచే స్థాయికే తీసుకొస్తుంది. ఈ వారం నువ్వు చూసుకోవలసిన అంకె రేటింగ్ కాదు, టౌన్ సెంటర్ ఖాళీగా నిలిచిన సెకన్లు. ఈ ఆటలో అది 200. తరవాతి ఆటలో 120కి వస్తే, ఓడినా నాకు ఫోన్ చేసి చెప్పు.

శనివారం రాత్రి నేను ఖాళీగానే ఉంటాను. అరేబియా మ్యాప్ మీద మనిద్దరం ఒకరికెదురుగా ఒకరం ఆడదాం. ఎనిమిదో నిమిషంలో నీ స్కౌట్ నా ఊరి చుట్టూ తిరుగుతూ ఉండాలి, నేను ఏం కడుతున్నానో చాట్‌లో రాయాలి. నేనేమీ దాచను, ఆటలోనూ ఏమాత్రం తగ్గను.

ఆశీస్సులతో,
అమ్మ