పాలున్నా ప్యాకెట్ రాని రోజు

సంపాదకులకు,

ప్యాకెట్ పాలు తగ్గినప్పుడల్లా డెయిరీలు కావాలనే కొరత సృష్టిస్తున్నాయన్న మాట వినిపిస్తుంది. ధర పెంచే ముందు అలా అనుమానించడంలో తప్పు లేదు. కానీ ప్యాకెట్లు తయారయ్యే ప్లాస్టిక్ ఫిల్మ్ రోల్ అందక ప్యాకింగ్ ఆగితే ముందు నష్టపోయేది డెయిరీ, ఆ వెంటనే పాడి రైతు. 72 డిగ్రీల దగ్గర 15 సెకన్లు కాచి, 4 డిగ్రీలకు చల్లార్చి సైలోలో (పెద్ద నిల్వ ట్యాంకులో) పెట్టిన పాలు ఎక్కువసేపు ఆగవు. పాలపొడి ప్లాంటు ఉన్నవాళ్లు పొడికి, వెన్నకు మళ్లిస్తారు. లేనివాళ్లు పాల సేకరణ కేంద్రాలకు 'పాల సెలవు' చెబుతారు, అంటే ఆ పూట పాలు తీసుకోరు.

నిజానికి కావలసిన ఫిల్మ్ బరువు పెద్దదేమీ కాదు. 32 సెంటీమీటర్ల వెడల్పు, 50 మైక్రాన్లు పైబడిన మందం ఉన్న రోల్ మీద అరలీటరు ప్యాకెట్‌కు రెండున్నర గ్రాముల లోపే పడుతుంది. లక్ష లీటర్లకు సుమారు అయిదు క్వింటాళ్లు. గల్ఫ్ నుంచి పాలిథిన్ గుళికలు ఆలస్యమైతే ఆ కాస్తా దొరకదు. గుళికలు దొరికినా ఫిల్మ్ మీద పేరు, వివరాలు అచ్చువేసే దగ్గర ఆగుతుంది. టోన్డ్, స్టాండర్డైజ్డ్, ఫుల్ క్రీమ్ పాలకు వేర్వేరు రోల్స్ ఉంటాయి. గోదాములో ఒక రకం గుట్టలుగా పడి ఉండగా రెండోది ఖాళీ అవుతుంది. 4.5 శాతం వెన్న ఉన్న పాలను 3 శాతమని అచ్చయిన కవర్లో పోస్తే డెయిరీకి నష్టం. తిరగేసి పోస్తే నేరం.

ఎక్కడో దొరికిన రోల్ తెచ్చి ఎక్కించడమూ అంత తేలిక కాదు. ఫిల్మ్‌లో ఎల్ఎల్‌డీపీఈ అనే రకం పాలిథిన్ వాటా తగ్గితే తడి మీద అతుకు సరిగా పట్టదు. వేడి పెంచితే అతుకు అంచు పలచబడి, ప్యాకెట్ ట్రేలో పడగానే చిరుగుతుంది. తగ్గిస్తే పాల బరువుకే విడిపోతుంది. జారుడు గుణం ఎక్కువైతే రోలర్లు ఫిల్మ్‌ను సరిగా లాగలేక ప్యాకెట్ పొడవు మారుతుంది, తక్కువైతే ఫిల్మ్‌ను గొట్టంలా మలిచే కాలర్ దగ్గర అంటుకుపోతుంది. ఎక్కడ కోయాలో మెషీన్‌కు చూపే అచ్చు గుర్తు, ఐ-మార్క్, దూరం తేడా వస్తే కత్తి పేరు మధ్యలో పడుతుంది. కొత్త రోల్ ఎక్కించిన ప్రతిసారీ వేడి మళ్లీ సరిచేసి, నాలుగు ప్యాకెట్లు పిండి చూసి తీరాలి. తొందరలో ఇదే మానేస్తారు. ఒక్కటి కారితే ట్రేలో మిగతావన్నీ జిడ్డే.

కొరత రోజుల్లో ముందు ఆపాల్సింది 200 మిల్లీలీటర్ల ప్యాకెట్లను. లీటరుకు ఫిల్మ్ ఎక్కువ తినేవి అవే. అరలీటరు రెండింటి బదులు లీటరు ప్యాకెట్ కడితే దాదాపు పావువంతు ఫిల్మ్ మిగులుతుంది. మార్కెటింగ్ వాళ్లు దీనికి ఒప్పుకోరు, అది వేరే సంగతి. హోటళ్లకు, హాస్టళ్లకు, టీ కొట్లకు ప్యాకెట్లే ఎందుకు? వేడినీటితో, కాస్టిక్ సోడాతో కడిగిన 40 లీటర్ల క్యాన్లలో తెల్లవారకముందే చల్లగా పంపవచ్చు. ఢిల్లీలో మదర్ డెయిరీ బూత్‌లలో టోకెన్ మీద విడిపాలు అమ్మడం దశాబ్దాలుగా ఉన్నదే.

ఇక శాశ్వత ఏర్పాటు. డెయిరీ పేరు, లైసెన్సు నంబరు వంటి మారని వివరాలు మాత్రమే అచ్చేసిన ఉమ్మడి ఫిల్మ్‌ను పదిహేను రోజులకు సరిపడా నిల్వ ఉంచుకోవాలి. పాల రకం, ధర, తేదీ ప్యాకింగ్ మెషీన్ మీదే అచ్చువేయాలి. ఆహార భద్రత, తూనికల శాఖలు దీనికి అనుమతి విధానాన్ని ముందే తేల్చాలి, కొరత వచ్చాక ఫైలు కదిపితే లాభం లేదు.

ఫిల్మ్ ఉన్నా ట్రేలు లేక పాలు కోల్డ్ రూమ్ దాటని రోజులూ ఉన్నాయి. అరలీటరువి 24 పట్టే ఆ ట్రే దుకాణం ముందు కుర్చీగానో, కూరగాయల బుట్టగానో మారుతోంది. ఏజెంట్లు ఖాళీ ట్రేలు లెక్కగా ఇస్తేనే మర్నాటి లోడు ఇవ్వాలి.

— డెయిరీ ప్యాకింగ్ విభాగం ఉద్యోగులు, చిత్తూరు జిల్లా