రూటరు జాప్యం, దిగుమతి వ్యాట్ వసూలుపై ఫిర్యాదు

మాదాపూర్, హైదరాబాద్.

వినియోగదారుల సేవా విభాగాధిపతి గారికి,

ఆర్యా,

లండన్‌లోని మీ డేటా సెంటర్‌లో మేము నెలవారీ అద్దెకు వాడుకుంటున్న రూటరు గత నెల చెడిపోయింది. ఒప్పందం ప్రకారం ఆమ్‌స్టర్‌డామ్‌లోని మీ గోదాము నుంచి మరుసటి పనిదినానికల్లా మరో రూటరు రావలసి ఉండగా, అది చేరేసరికి పదకొండు రోజులు పట్టింది. అన్నాళ్లూ మా సిబ్బంది మిగిలిన ఒక్క లింకు మీదనే నెట్టుకొచ్చారు. రద్దీ వేళల్లో డేటా ప్యాకెట్లు మధ్యలోనే డ్రాప్ అవుతుంటే ఖాతాదారుల చేత మాటలు పడ్డది మేము.

బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి వైదొలగడమే ఇందుకు కారణమని మీ ప్రతినిధి రాశారు. బ్రిటన్ వైదొలగింది 2020 జనవరి 31న. పాత నిబంధనలే కొనసాగిన మధ్యకాలం కూడా ఆ ఏడాది డిసెంబరు 31తో ముగిసింది. అప్పటి నుంచి ఆమ్‌స్టర్‌డామ్‌లో బయలుదేరిన పెట్టెకు అటు ఎగుమతి డిక్లరేషన్, ఇటు దిగుమతి డిక్లరేషన్, ఈఓఆర్ఐ నంబరు (ఎగుమతి, దిగుమతిదారులకు కస్టమ్స్ ఇచ్చే గుర్తింపు సంఖ్య), వస్తువు కోడ్, సరైన విలువ ఉండి తీరాలని ఈ వ్యాపారంలో ఉన్నవారందరికీ తెలుసు.

మీరు పంపిన ఇన్‌వాయిస్ నకలు చూశాము. వివరం గడిలో 'నెట్‌వర్క్ సామాను' అని మాత్రమే ఉంది, కోడ్ గడి ఖాళీ, విలువ సున్నా. కస్టమ్స్ వస్తువు కోడ్‌లలో రూటర్లు 8517 శీర్షిక కిందికి వస్తాయి. శంషాబాద్ కార్గోలో మా సరుకు విడిపించే ఏజెంటు ఆ అంకె లేనిదే కాగితం ముట్టుకోడు. అటువంటి ఇన్‌వాయిస్‌ను కస్టమ్స్ వారు ఆపకుండా ఉంటేనే ఆశ్చర్యపోవాలి.

ఇంతకన్నా బాధించినది బిల్లు. రూటర్లపై బ్రిటన్‌లో దిగుమతి సుంకం లేదు, 20 శాతం వ్యాట్ మాత్రం ఉంది. ఆ రూటరు మీ సొత్తు, దిగుమతిదారు మీరే, అక్కడ వ్యాట్ రిజిస్ట్రేషన్ ఉన్నదీ మీకే. కనుక ఆ మొత్తాన్ని మీ వ్యాట్ రిటర్నులో మీరు తిరిగి పొందగలరు. అయినా దానిని 'బ్రెక్సిట్ ఖర్చు' పేరుతో మా ఖాతాలో వేశారు. మా ఐపీ అడ్రసుల బదిలీ ఆలస్యానికీ ఇదే సాకు చెప్పారు. యూరప్ ప్రాంతంలో ఆ ఇంటర్నెట్ చిరునామాల కేటాయింపు, నమోదు చూసే సంస్థ రైప్ ఎన్‌సీసీ; దాని సభ్యత్వానికి యూరోపియన్ యూనియన్‌తో నిమిత్తమే లేదు.

కావున వ్యాట్ పేరిట వసూలు చేసిన మొత్తాన్ని వాపసు చేసి, పదకొండు రోజుల అద్దెను మినహాయించి, లండన్‌లోనే ఒక స్పేర్ రూటరు ఉంచుతామని పదిహేను రోజుల్లోగా రాతపూర్వకంగా తెలియజేయగలరు.

ఇట్లు,
నెట్‌వర్క్ విభాగం మేనేజర్