నీళ్ళ కింది బొందలగడ్డ నక్షా ఇప్పించండి: రెవెన్యూ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రెవెన్యూ శాఖ మంత్రి గారికి నమస్కారం.

మాది కొల్లాపూర్ దిక్కు. శ్రీశైలం ప్రాజెక్టు ముంపు ఊరు అనగానే, ముంపు కుటుంబాలకు ఉద్యోగాలిస్తామన్న 98 జీవో అర్జీ అనుకుంటారేమో. ఆ కొట్లాట చేసేవాళ్ళు చేస్తున్నారు, అది న్యాయమైనదే. నేను అడిగేది వేరు. మా నాయనమ్మకు వాళ్ళ నాయినను బొందపెట్టిన చోటు చూడాలని ఉంది.

ఆయన పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు, 1949లో పోయాడు. అప్పుడు ఆమెకు ఏడేళ్ళు. "బొందలగడ్డకు పోయే బాటలో పెద్ద చింతచెట్టు, దానికి తూర్పున మా నాయిన" అంటుంది. 1981లో నీళ్ళొచ్చాక ఆ చెట్టూ లేదు, బాటా లేదు. పెత్తరమాస నాటికి అక్కడ కృష్ణ నిండుగా ఉంటుంది. ఎండాకాలం నీళ్ళు దిగితే మొండిగోడలు బయటపడతాయి గానీ, ఎటు నడవాలో తెలియదు.

మూడేళ్ళుగా కాగితాలు వెతుకుతున్నాను. ఒక ఆఫీసులో, 2016లో జిల్లాలు విడిపోయినప్పుడు పాత ఫైళ్ళు అవతలికి పోయాయన్నారు. అవతలికి పోతే, ఇవతలే ఉండాలన్నారు. చివరికి 1954-55 నాటి ఖాస్రా పహాణీ, అంటే ఏ భూమి ఎవరిదో రాసిన పాత రికార్డు, నకలు దొరికింది. అంతా ఉర్దూ. ఒక రిటైర్డ్ టీచర్‌ను బతిమాలి చదివించుకున్నాను. పట్టాదారు గడిలో చనిపోయినవాళ్ళ పేర్లు కూడా అట్లాగే ఉంచారు, అది మా అదృష్టం. కానీ మా ముత్తాత పేరున్నవాళ్ళు ఆ ఊర్లో ఇద్దరు! 'వల్ద్' అని రాసిన తర్వాత ఉండే తండ్రి పేరును బట్టే మావాడెవరో తేలాలి. ఆ పేరు నాయనమ్మకు గుర్తు లేదు. మాకు గోత్రాలు చెప్పే వంశరాజుల పెద్దాయనను అడిగితే కూర్చున్నచోటే చెప్పాడు, ఆ పైన ఇంకో నాలుగు తరాలు కలిపి. ఏ ఆఫీసులోనూ నాకు అంత తొందరగా పని కాలేదు సార్.

ఇక తేలాల్సింది జాగా. ఊరి నక్షా, సేత్వార్ (సర్వే నంబర్లవారీ పాత భూమి రిజిస్టరు), ముంపు భూములకు పరిహారం తేల్చిన భూసేకరణ అవార్డు ఒకచోట పెట్టుకుని చూస్తే బొందలగడ్డ ఏ సర్వే నంబరో తెలుస్తుంది. ముంపు వచ్చినప్పుడు కూడలి సంగమేశ్వరాలయాన్ని విప్పి ఆలంపూర్‌లో మళ్ళీ కట్టారు. సోమశిల గుడినీ పైకి తెచ్చారు. మంచి పనే. మా పెద్దలను పైకి తెమ్మని అడగట్లేదు, ఎక్కడున్నారో చెప్పమంటున్నాను.

ముంపు ఊర్ల పాత రికార్డులు స్కాన్ చేయించి ఒకే కలెక్టరేట్‌లో పెట్టించండి. వారానికి ఒక్కరోజైనా ఉర్దూ చదివే మనిషిని అక్కడ కూర్చోబెట్టండి. వనపర్తి, గద్వాల వైపు మునిగిన ఊర్లవాళ్ళకూ అది అక్కరకొస్తుంది.

వచ్చే మే నెలలో నీళ్ళు దిగినప్పుడు ఒక్కరోజు సర్వేయర్‌ను పంపండి. కొలిచే గొలుసు మేమే పట్టుకుంటాం.

ఇట్లు,
ఒక ముంపు ఊరి మనవడు