కాళ్ల ఎక్స్‌రే చీటీ మీద వివరాలు రాయాలి

సంపాదకుడు గారికి,

నమస్కారం. తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ ఎముకల ఓపీ ముందు ఏ రోజు చూసినా కాళ్ల బాధలతో వచ్చినవారే ఎక్కువగా కనబడతారు. బండి మీద నుంచి పడ్డవారు, పొలం గట్టున కాలు జారినవారు, అలిపిరి మెట్లెక్కి వచ్చాక మోకాలు వాచినవారు, ఏళ్ల తరబడి కీళ్ల అరుగుదలతో వేగుతున్న పెద్దవాళ్లు, అందరి చేతిలోనూ ఒకే రకం చీటీ ఉంటుంది. అందులో ‘మోకాలు ఎక్స్‌రే’ అనో ‘కాలు ఎక్స్‌రే’ అనో రాసి ఉంటుంది. ఏ కాలు, ఎటువైపు నుంచి, నిలబెట్టి తీయాలా పడుకోబెట్టి తీయాలా అన్నది చాలా చీటీల్లో ఉండదు. ఈ లోపం వల్ల పేదవారు ఒకే పరీక్షకు రెండుసార్లు డబ్బు కట్టవలసి వస్తోందని మీ పత్రిక ద్వారా అధికారుల దృష్టికి తేదలచాను.

మోకాళ్ల అరుగుదలకు ఎక్స్‌రే తీసేటప్పుడు, నిలబడగలిగిన వారిని నిలబెట్టే తీయాలి. జనం గుజ్జు అని పిలిచే మెత్తని పొర ఎక్స్‌రేలో కనబడదు. రెండు ఎముకల మధ్య సందు ఎంత తగ్గిందో చూసి, గుజ్జు ఎంత అరిగిందో డాక్టర్లు అంచనా వేస్తారు. పడుకున్నప్పుడు మోకాలి మీద ఒంటి బరువు పడదు కనుక ఆ సందు ఉన్నదానికంటే ఎక్కువగా కనిపించవచ్చు. మా బంధువుల్లో ఒక పెద్దావిడకు ఒక సెంటర్‌లో పడుకోబెట్టి తీసి, అరుగుదల స్వల్పమని రిపోర్టు ఇచ్చారు. ఆమె మాత్రం గోడ పట్టుకోకుండా నాలుగడుగులు వేయలేని స్థితిలో ఉన్నారు. మరో డాక్టరు ఆ ఫిల్మును పక్కన పెట్టి, నిలబెట్టి తీయించుకు రమ్మన్నారు. ఈసారి ఆమెను చిన్న చెక్క పీట మీదికి ఎక్కించి, రెండు కాళ్ల మీదా సమంగా బరువు మోపమని చెప్పి, మోకాళ్ల వెనక ఎక్స్‌రే పలక నిలిపి, రెండు మోకాళ్లూ ఒకే ఫిల్ములో పడేలా తీశారు. కుడి మోకాలి లోపలి వైపున ఎముకలు రెండూ దాదాపు ఆనుకుని ఉన్నాయి. మొదటి ఫిల్ములో అదే చోట సందు బాగానే కనబడింది. చీటీ మీద ‘నిలబెట్టి’ అన్న ఒక్క మాట ఉంటే మొదటి ఖర్చు, రెండో ప్రయాణం రెండూ తప్పేవి.

దెబ్బ తగిలిన కాలి సంగతి వేరు. విరిగిందన్న అనుమానం ఉంటే రోగిని నిలబెట్టకూడదు. ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి, కనీసం రెండు కోణాల్లో తీయాలి, ఎందుకంటే ఒక కోణంలో దాక్కున్న పగులు మరో కోణంలో బయటపడుతుంది. పిక్క ఎముక విరిగినప్పుడు పైన మోకాలు, కింద చీలమండ కూడా కనబడేలా తీయాలి. పోలీసు ఉద్యోగాల కోసం తెల్లవారుజామున మైదానాల్లో పరుగులు తీసే పిల్లలు ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఎక్కువ పరుగు వల్ల ఎముకలో వచ్చే సన్నని పగులు మొదటి రోజుల్లో ఎక్స్‌రేలో కనబడకపోవచ్చు, రెండు మూడు వారాల తర్వాతే తేలవచ్చు. కనుక ఎక్స్‌రే బాగుందన్నారని నొప్పితోనే పరుగు కొనసాగించడం ప్రమాదం. మోకాలిలో ఎముకలను కలిపి ఉంచే లిగమెంటు తెగినా ఎక్స్‌రేలో తెలియదు, దానికి ఎంఆర్ఐ స్కానింగ్ అవసరమవుతుంది.

కాలు మడతపడిన ప్రతివారికీ ఎక్స్‌రే అవసరం లేదు కూడా. చీలమండ దెబ్బలకు కెనడాలోని ఒట్టావా వైద్యులు 1992లో ప్రకటించిన నియమాలను ఇప్పటికీ పాటిస్తున్నారు. దెబ్బ తగిలిన వెంటనే, ఆసుపత్రిలోనూ నాలుగడుగులు వేయగలిగి, డాక్టరు చీలమండ గుబ్బల వెనక అంచున, పాదంలోని నిర్ణీత ఎముకల మీద నొక్కి చూసినప్పుడు నొప్పి లేకపోతే, పెద్దవాళ్లలో ఎముక విరిగి ఉండే అవకాశం చాలా తక్కువ.

మన ప్రాంతంలో ఎముక విరగ్గానే పుత్తూరు కట్టు గుర్తొస్తుంది. ఆ నమ్మకాన్ని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. కానీ కట్టుకు ముందు ఒక ఎక్స్‌రే తీయించి, ఆ ఫిల్మును ఎముకల డాక్టరుకు చూపించమని వేడుకుంటున్నాను. ఎముక చర్మం చీల్చుకుని బయటికి వచ్చినా, పాదం చల్లబడినా, స్పర్శ తగ్గినా కట్టు దగ్గరికి కాక నేరుగా ఆసుపత్రికే తీసుకెళ్లాలి.

పాదానికి, చీలమండకు ఎక్స్‌రే ఉంటే మెట్టెలు, పట్టీలు తీయవలసిందే, లోహం తెల్లగా పడి ఎముకను కప్పేస్తుంది. ఏళ్ల తరబడి వేలికి బిగిసిపోయిన మెట్టెలు క్యూలో నిలబడి లాగితే రావు. ఇంట్లోనే సబ్బు నురగతో మెల్లగా తీసుకుని రావడం మేలు. మోకాలికే ఎక్స్‌రే అయితే వాటి జోలికి పోనక్కరలేదు, ఈ మాట గది దగ్గర ఎవరైనా చెబితే ఆడవాళ్లకు ఎంతో ఇబ్బంది తప్పుతుంది. తుంటికైతే మొలతాడు, పిన్నీసులు, జేబులో చిల్లర తీసేయాలి. కాలిలో పాత రాడ్డు, ప్లేటు ఉన్నా ఎక్స్‌రేకు అడ్డు కాదు, కాకపోతే ముందే చెప్పాలి.

రేడియేషన్ భయం చాలామందిలో ఉంది. రేడియేషన్ మోతాదును మిల్లీసీవర్టుల్లో కొలుస్తారు. మోకాలికి, పాదానికి తీసే ఎక్స్‌రేలో అందేది ఒక మిల్లీసీవర్టులో వెయ్యో వంతు స్థాయిలో ఉంటుంది. ప్రకృతి నుంచి మనకు సగటున ఏడాదికి అందేది 2.4 మిల్లీసీవర్టులు. అంటే కొద్ది గంటల్లో ఊరికే అందేదానికి ఇది సమానం. తుంటి ఎక్స్‌రేలో మాత్రం మోతాదు దీనికి చాలా రెట్లు ఎక్కువ, పైగా కిరణాలు పొత్తికడుపు మీదే పడతాయి. కనుక నెల తప్పిన స్త్రీలు, తప్పిందేమో అన్న అనుమానం ఉన్నవారు సిగ్గుపడకుండా ముందే చెప్పాలి, సిబ్బంది కూడా నలుగురిలో కాక పక్కకు పిలిచి అడగాలి. పసిపిల్లల కాలు పట్టుకోవడానికి తల్లిని లోపలికి పిలిస్తే సీసపు ఏప్రన్ తొడగాలి, ఆమె గర్భిణి అయితే ఇంకొకరిని పిలవాలి. ఎక్స్‌రే యంత్రం నడపడానికి అణుశక్తి నియంత్రణ బోర్డు అనుమతి ఉండాలి. అది ఉందా అని మనం అడగవచ్చు.

ఫిల్మును ఫోన్‌లో ఫొటో తీసి పంపితే సన్నని పగుళ్లు, ఎముకల సందు సరిగా తెలియవు. ఫిల్మునో సీడీనో అడిగి తీసుకుని, పాతవి పారేయకుండా దాచాలి. అరుగుదల ఎంత పెరిగిందో చెప్పడానికి పాత ఫిల్మే ఆధారం.

జిల్లా వైద్యాధికారులకు నా మనవి ఒక్కటే. ఎక్స్‌రే చీటీని తెలుగులో అచ్చు వేయించి, కుడి లేక ఎడమ, ఏ భాగం, ఎన్ని కోణాలు, నిలబెట్టి లేక పడుకోబెట్టి, గర్భం ఉన్నదా లేదా అన్న గడులు అందులో పెట్టించండి. వాటిని నింపని చీటీని ఎక్స్‌రే గది నుంచి తిరిగి డాక్టరుకే పంపే అధికారం టెక్నీషియన్లకు ఇవ్వండి. ప్రైవేటు సెంటర్లకూ ఇదే వర్తింపజేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, తిరుపతి