కళావంతుల పేర్లు కూడా రాయండి

సంపాదకులు గారికి నమస్కారం.

తెలుగువారి నాట్యం మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. భోగంవాళ్ల చేతుల్లో పడి భ్రష్టుపట్టిన నాట్యానికి చదువుకున్నవాళ్లు గౌరవం తెచ్చారని అందులో ఒకచోట ఉంది. రాసినవారికి దురుద్దేశం ఉందని నేననుకోను. మూడు తరాలుగా అందరూ రాస్తున్నదే వారూ రాశారు. కానీ గుళ్లో ఆడిపాడే కళావంతుల్ని పిలిచే ఆ ‘భోగంవాళ్లు’ అన్న మాటలో మా అమ్మమ్మ ఉంది. అందుకే ఈ ఉత్తరం.

నాకు డెబ్బై ఏళ్లు. తెలుగు పండితురాలిగా చేసి రిటైరయ్యాను. అమ్మమ్మది ముమ్మిడివరం దగ్గర పల్లె. స్వామి కల్యాణానికి గుళ్లో ఆడేది, పెద్దవాళ్ల పెళ్లిళ్లలో మేజువాణి, అంటే ఆటపాటల కచేరీ, చేసేది. నాకు ఊహ తెలిసేనాటికి అవన్నీ ఆగిపోయాయి. గజ్జెలు మాత్రం పాత పంచెలో మూటగట్టి, బియ్యం డబ్బాల వెనక దాచి ఉంచేది.

వేసవి సెలవుల్లో మధ్యాహ్నం పూట అందరూ కునుకు తీస్తుంటే వీధి తలుపు గడియ వేసి, పీట మీద కూర్చుని క్షేత్రయ్య పదం, అంటే అభినయించే పాట, ఎత్తుకునేది. లేచి ఆడేది కాదు. పదానికి లేవక్కర్లేదనేది. ఒక్క పాదాన్నే ఏడెనిమిదిసార్లు తిప్పి పాడేది. మాట అదే, చెయ్యి ఒకసారి బతిమాలేది, ఒకసారి దెప్పేది, ఇంకోసారి చెలికత్తె ముందు గుట్టు దాచుకునేది. ‘మువ్వగోపాల’ అన్న చోట కళ్లు ఎక్కడికో వెళ్లిపోయేవి. అంతలో వంటింట్లోంచి మా అమ్మ వచ్చి, “అమ్మా, పక్కింటివాళ్లు వింటారే” అనేది. అమ్మమ్మ గొంతు తగ్గించేది. చేతులు మాత్రం ఆగేవి కావు.

ఆవిడకి భామాకలాపం, గొల్లకలాపం, అధ్యాత్మ రామాయణ కీర్తనలు నోటికి వచ్చు. గొల్లకలాపంలో చల్లలమ్ముకునే గొల్లభామ బ్రాహ్మణుడితో వాదానికి దిగి, తల్లి కడుపులో పిండం ఎలా ఏర్పడుతుందో, యజ్ఞమంటే ఏమిటో విడమరిచి చెబుతుంది. కాలేజీలో మా మాస్టారు ఆ భాగం చెబుతుంటే నాకు ముందే వచ్చునని తెలిసింది. ఎక్కడ నేర్చుకున్నావని ఆయన అడిగారు. ఇంట్లో అని చెప్పడానికి నోరు రాలేదు. ఆ రోజు అలా తల దించుకున్నందుకు ఇప్పటికీ నాకు బాధే.

సంస్కర్తలను నేను తప్పుపట్టను. వీరేశలింగం పంతులు గారు భోగం మేళాల మీద కలం పట్టడానికి కారణాలున్నాయి. అమ్మమ్మకి ఎనిమిదో ఏట గజ్జెపూజ చేసి ఆ వృత్తిలో పెట్టారు. నీకిష్టమేనా అని ఎవరూ అడగలేదు. ఆ తర్వాత జమీందారు బంధువొకాయన పోషణలో ఉంది. దాని గురించి ఎప్పుడూ నోరు విప్పలేదు. కూతురు ఆ దారిలో నడవకూడదని మాత్రం పంతం పట్టి, పలకా బలపం ఇచ్చి బళ్లో వెయ్యడానికి తీసుకెళ్లింది. తండ్రి పేరేమిటని హెడ్మాస్టరు అడిగారు. నా పేరు రాసుకోండి అంది. ఆయన కలం కింద పెట్టేశారు. కాసేపు అలాగే నిలబడి, తను ఎవరి ముందు ఆడిందో ఆ స్వామి పేరు చెప్పింది. మా అమ్మ సర్టిఫికెట్‌లో తండ్రి పేరు ‘గోపాలస్వామి’ అని ఉంటుంది.

1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ చట్టం తెచ్చింది. పసిపిల్లల్ని దేవుడికి ఇవ్వడం ఆగింది, అది కావలసిందే. దానితోపాటు గుళ్లో ఆడడం, ఊరేగింపులో ఆడడం కూడా నేరమయ్యాయి. వేరే పని తెలియని ఆడవాళ్లు ఏం తిని బతుకుతారని అడిగినవాళ్లు లేరు. అమ్మమ్మ కాసులపేరు అమ్మింది, తర్వాత అప్పడాలు వత్తింది. అవే పదాలు అప్పటికే పట్నంలో సభల మీదికెక్కాయి. పెద్దింటి అమ్మాయిలు నేర్చుకున్నారు, టిక్కెట్లు పెట్టి ఆడారు. మంచిదే, కళ బతికింది. కానీ ఆ పదాలను రెండు మూడు వందల ఏళ్లు నోట్లో పెట్టుకుని కాపాడినవాళ్ల ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు.

ఎత్తినవారు నాకు తెలిసి నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణ గారు. ఊరూరా తిరిగి, ముసలివాళ్లయిపోయిన కళావంతుల ఇళ్ల గుమ్మాల్లో కూర్చుని నేర్చుకున్నారు. ఆంధ్రనాట్యమని ఇవాళ మనం చెప్పుకుంటున్నది అలా మిగిలింది. బల్లిపాడు కళావంతురాలు సరిదె మాణిక్యాంబ గారి వంటివారి పేర్లు నలుగురికీ తెలిశాయంటే ఆయన చలవే. మీ వ్యాసంలో ఆమె పేరు లేదు.

దేవదాసీ కుటుంబంలో పుట్టిన గాయని బెంగుళూరు నాగరత్నమ్మ గారి పేరూ లేదు. తిరువయ్యూరులో త్యాగరాజస్వామి సమాధి పాడుపడి ఉంటే తను పాడి సంపాదించిన సొమ్ముతో గుడి కట్టించింది ఆవిడే. ఆ సన్నిధిలో ఆడవాళ్లు పాడకూడదన్న రోజుల్లో నిలబడి పోట్లాడి పాడింది. తంజావూరు ఆస్థాన కవయిత్రి ముద్దుపళని రాసిన శృంగార కావ్యం ‘రాధికా సాంత్వనము’ను 1910లో పూర్తిపాఠంతో అచ్చువేయించింది. ఆడది ఇలా రాయవచ్చునా అన్న పెద్దలకు పీఠికలోనే జవాబిచ్చింది. ప్రభుత్వం ఆ పుస్తకాన్ని నిషేధించింది. ప్రకాశం పంతులు గారు మద్రాసు ప్రధానిగా (ఇప్పటి మాటలో ముఖ్యమంత్రిగా) ఉండగా, 1947లో ఆ నిషేధం పోయింది. నాగరత్నమ్మ గారు 1952లో కన్నుమూశారు. ఇవాళ తెలుగు ఊళ్లలో త్యాగరాజ ఆరాధనల్లో గొంతు కలిపి పంచరత్నాలు పాడే ఆడపిల్లల్లో ఈ సంగతి ఎందరికి చెప్పారు?

మిమ్మల్ని అడిగేవి రెండే. ‘భోగం’ అన్న మాటను ఇక మీ పత్రికలో ఒక కులానికి పేరుగా వాడకండి. వాళ్లు కళావంతులు. అరంగేట్రాల వార్తలు ఫొటోలతో వేస్తుంటారు కదా, ఆ పిల్ల పట్టిన పదం ఎవరి నుంచి వచ్చిందో గురువు గారిని అడిగి ఒక్క వాక్యం కలపండి.

అమ్మమ్మ 1974లో పోయింది. గజ్జెలు నా దగ్గరున్నాయి. ఒక్కో కాలికి వంద మువ్వలు, తోలు ఎండి బీటలు వారింది. మా మనవరాలు వాటిని బల్ల మీద పెట్టుకుని ఫొటో తీసుకుంది. ఎవరివని అడిగితే మొదటిసారి అంతా చెప్పాను. అది చాలాసేపు వాటిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఈ ఉత్తరం అచ్చువేస్తే నా పేరు వేయవద్దని ప్రార్థన. పేర్లు రాయండని అడుగుతూ నా పేరు దాచుకోవడం నాకు కష్టంగానే ఉంది. మా మనవరాలికి సంబంధాలు చూస్తున్నారు.

— ఒక విశ్రాంత తెలుగు పండితురాలు, కాకినాడ