బుడమేరు ఏ పాఠంలో ఉంది? విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

విజయవాడ నుంచి ఒక విశ్రాంత సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు నమస్కరించి రాస్తున్న లేఖ. మన ఉన్నత పాఠశాలల్లో భూగోళ శాస్త్రం పేరిట సాగుతున్న బోధన ఆ మాటకున్న అసలు అర్థానికి చాలా దూరం జరిగిపోయిందని నా అభిప్రాయం. ఆ దూరాన్ని కొంతైనా తగ్గించగల చిన్న ఏర్పాట్లు కొన్ని కోరడానికే ఈ విన్నపం.

పదో తరగతి విద్యార్థులను భూగోళం అంటే ఏమిటని అడిగితే నదులు, పర్వతాలు, ఖనిజాలు అంటారు. కాస్త చురుకైనవారు మ్యాప్ పాయింటింగ్ అంటారు. తప్పు వారిది కాదు, పరీక్షలో మనం అడిగేది అదే. భాక్రానంగల్ ఎక్కడో, హీరాకుడ్ ఎక్కడో ఖాళీ పటంలో చుక్క పెట్టి చూపగలరు గానీ, ఆ ఆనకట్టను అక్కడే ఎందుకు కట్టారో, ఎగువన ఎవరి ఊరు మునిగిందో, దిగువన ఎవరి పొలం తడిసిందో చెప్పమంటే ముఖముఖాలు చూసుకుంటారు. వాడుకలో మనం 'వాడి చరిత్ర, భూగోళం అంతా నాకు తెలుసు' అంటుంటాం. పుట్టుపూర్వోత్తరాలతో పాటు ఇల్లూ వాకిలీ, అప్పులూ ఆస్తులూ తెలుసునని దాని భావం. పాఠశాలలో కంటే ఆ వెటకారంలోనే మాట తన అర్థానికి దగ్గరగా ఉండడం విచిత్రమే.

ఈ శాస్త్రానికి గ్రీకు భాషలో పేరు పెట్టినవాడు క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియా గ్రంథాలయాన్ని నిర్వహించిన ఎరటోస్తనీస్. భూమిని వర్ణించి రాయడమని ఆ పేరుకు అర్థం. క్రీస్తుశకం రెండో శతాబ్దంలో అదే నగరంలో టాలెమీ వేలాది చోట్లకు అక్షాంశ రేఖాంశాలు కట్టి రాసిన గ్రంథంలో మన తీరం కూడా ఉంది: మైసోలియా అనే ప్రాంతం, మైసోలోస్ అనే నది, కొంటకోస్సిల అనే వర్తక కేంద్రం. ఆ నదిని కృష్ణగాను, ఆ వర్తక కేంద్రాన్ని శాసనాల్లోని కంటకసేలగాను, అంటే నేటి ఘంటసాలగాను పండితులు ఎక్కువమంది గుర్తించారు. ఇంత దగ్గరి సంగతి కృష్ణా జిల్లా పిల్లలకు చెప్పకుండా ఈ శాస్త్రం ఎక్కడో పుట్టిందని చెప్పడం నాకు ఎప్పుడూ వెలితిగానే తోచేది. అయితే చోటు పేరు, ఉనికి చెప్పడంతో ఆ శాస్త్రం ఆగిపోలేదు. జర్మన్ పండితుడు హంబోల్ట్ 1802లో ఆండీస్ పర్వతాల్లో చింబొరాజో ఎక్కుతూ, ఎత్తు మారేకొద్దీ మొక్కలు ఎలా మారుతున్నాయో గమనించి నమోదు చేశాడు. ఏది ఎక్కడ ఉందన్న ప్రశ్న పక్కనే, అది అక్కడే ఎందుకు ఉందన్న ప్రశ్న కూడా చేరింది. మన తరగతి గది మొదటి ప్రశ్న దగ్గరే నిలిచిపోయింది.

దాని ఫలితం 2024 సెప్టెంబరు 1న వరద రూపంలో ఈ నగరానికి తెలిసివచ్చింది. మైలవరం వైపు కొండల్లో పుట్టే బుడమేరు సహజంగా కొల్లేటికి పోవలసిన ఏరు. నగరాన్ని కాపాడేందుకు వెలగలేరు దగ్గర రెగ్యులేటర్ కట్టి, ఆ నీటిని మళ్లింపు కాలువ ద్వారా ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలిపేలా ఏర్పాటు చేశారు. కృష్ణ మామూలుగా పారుతున్నప్పుడు ఆ ఏర్పాటు చక్కగానే పనిచేస్తుంది. కృష్ణకూ బుడమేరుకూ ఒకేసారి వరద వస్తే కాలువ నీటికి నదిలోకి దారి ఉండదు. ఆ రోజుల్లో జరిగింది అదే. బ్యారేజీ వద్ద ప్రవాహం 11 లక్షల క్యూసెక్కులు దాటింది, బుడమేరుకు గండ్లు పడ్డాయి, నీళ్లు తమ పాత దారి వెతుక్కుంటూ సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మీదుగా వచ్చాయి. నీరు పల్లమెరుగు. ఆ పల్లంలో ఇల్లు కట్టుకున్న మనకే అది తెలియలేదు. 'కృష్ణ అక్కడెక్కడో ఉంది, మా వీధిలోకి నీళ్లెలా వచ్చాయి?' అని అడిగిన వారిలో పట్టభద్రులు కూడా ఉన్నారు. వారంతా బడిలో భూగోళం చదివి ఉత్తీర్ణులైనవారే. వరద నిర్వహణలో ఎవరి లోపం ఎంతన్నది వేరే చర్చ, ఆ జోలికి ఈ లేఖలో పోను.

మరోవైపు బడి గడప తొక్కనివారు సైతం ఈ శాస్త్రాన్ని రోజూ వాడుతున్నారు. మెరక, పల్లం, లంక, కరకట్ట, ఒండ్రు, ముంపు అన్నవి కృష్ణ ఒడ్డున రైతు నోట నలిగే మాటలు. కొల్లేటి గ్రామాల్లో చేపల చెరువుల గురించి మాట్లాడే ఎవరినైనా కదిపితే ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత) ప్రస్తావన రాకుండా పోదు. 1999లో అభయారణ్యం హద్దును ఆ కాంటూరు వరకే నిర్ణయించారు కాబట్టి అక్కడ ఆ గీత మీద బతుకుతెరువు ఆధారపడి ఉంది. ఆ గీతనే మన పుస్తకం సమోన్నత రేఖ అని ఒక్క వాక్యంలో నిర్వచించి ఊరుకుంటుంది. గుంటూరు సన్నం మిర్చికి, మంగళగిరి చేనేతకు, కొండపల్లి బొమ్మకు భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు పత్రికల్లో చదివి గర్విస్తాం. కొండపల్లి బొమ్మ ఆ ఊళ్లోనే పుట్టడానికి పక్క కొండల్లో దొరికే తెల్లపొణికి కర్ర కారణమని ఎంతమంది పిల్లలకు తెలుసు?

పాఠ్యపుస్తకాలు జాతీయ స్థాయిలో తయారైనవి కాబట్టి మార్చలేమన్న సమాధానం వస్తుందని ఊహించగలను. మార్చమని నేను కోరడం లేదు. ఎనిమిది నుంచి పది వరకు తరగతులకు జిల్లాకొక అనుబంధ పుస్తకాన్ని రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ సంస్థ ద్వారా రూపొందించి, అందులో ఆ జిల్లా నేలలు, వాగులు, కాలువలు, వృత్తులు ఒకదానితో ఒకటి ఎలా ముడిపడి ఉన్నాయో రాయించండి. ప్రతి ఉన్నత పాఠశాలలో సర్వే ఆఫ్ ఇండియా వారి 1:50,000 స్కేలు పటం, తమ మండలం కనిపించేది, గోడకు ఉండేలా చూడండి. బల్లపరుపుగా ఉండే డెల్టాకు ఆ పటాల్లోని సమోన్నత రేఖలు చాలవు గనుక, అక్కడ జలవనరుల శాఖ వద్దనున్న కాలువల, మురుగు డ్రెయిన్ల పటాలను కూడా తెప్పించాలి.

ఇవన్నీ ఉన్నా, పరీక్షలో అడగనిది మన దగ్గర ఎవరూ చదవరు, చెప్పరు. కాబట్టి పదో తరగతి సాంఘిక శాస్త్రం ప్రశ్నపత్రంలో భారతదేశ పటంతో పాటు విద్యార్థి సొంత జిల్లా పటం మీద ఒక ప్రశ్న ఇవ్వాలి. చుక్క పెట్టి పేరు రాసే ప్రశ్న కాకుండా, ఫలానా వాగుకు వరద వస్తే నీరు ఎటు పోతుంది, ఎందుకు అని రెండు మూడు వాక్యాల్లో జవాబు రాయించే ప్రశ్న అయితే చాలు. వచ్చే విద్యా సంవత్సరం మాదిరి ప్రశ్నపత్రంలోనే దీన్ని చేర్చే విషయం పరిశీలించవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
సత్యనారాయణపురం, విజయవాడ.