మా నాయన పింఛను మా అమ్మకు ఇప్పించండి సారూ

సైనిక పింఛన్లు చూసే అధికారి గారికి,

నమస్కారం. ఇది నా ఐదో ఉత్తరం. ముందు నాలుగూ రిజిస్టర్ పోస్టులో పంపాను. ఒక్కదానికీ జవాబు రాలేదు కాబట్టి ఇలా అందరి ముందూ రాస్తున్నాను.

మా నాయన పోయి పద్నాలుగు నెలలైంది. ఫ్యామిలీ పెన్షన్ ఎందుకు ఆగిందో మీకు తెలుసు. నాయన రిటైరైనప్పుడు సైన్యం ఇచ్చిన డిశ్చార్జి బుక్కులో అమ్మ పేరుకి, ఆధార్‌లో పేరుకి ఒక్క అక్షరం తేడా. ఎక్కడో ఉత్తరాదిన ఒక గుమాస్తా తన చెవికి వినపడినట్టు రాసుకున్న పేరు సార్ అది. నోటరీ అఫిడవిట్ ఇచ్చాం, తహసీల్దారు సర్టిఫికెట్ ఇచ్చాం, పేపర్లో ప్రకటన వేయించాం. మళ్లీ అదే మాట, పేరు సరిపోలేదని.

1971 డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయిన నాటికి మా నాయన తూర్పు సరిహద్దులోనే ఉన్నాడు. రిటైరై చిత్తూరు వచ్చి బెల్లం మండీ పెట్టాడు. గడ్డ గిల్లి నోట్లో వేసుకుని, పాకం ఎక్కడ ముదిరిందో గానుగ రైతుకే చెప్పేవాడు. తూకంలో మోసం చేశాడని ఆయన్ని ఒక్కరూ అనలేదు. అమ్మకు మోకాళ్లు పట్టేశాక, తెల్లారి మండీకి పోయే ముందు ఆయనే కొబ్బరినూనె వేడిచేసి రాసేవాడు.

పింఛను మాత్రం ఆయన ఎన్నడూ వాడుకోలేదు. ప్రతి నెలా బ్యాంకు నుంచి తెచ్చి, లెక్కపెట్టి అమ్మ చేతిలో పెట్టేవాడు. "మండీ డబ్బు ఇంటిది, ఇది నీది. నేను బార్డర్లో ఉంటే పిల్లోళ్లని ఒక్కదానివే సాకినావు కదా" అనేవాడు. ఒక ఏడాది బెల్లం ధర పడిపోయి అప్పులవాళ్లు ఇంటి మీదికొచ్చినప్పుడు అమ్మే ఆ డబ్బు తీసిచ్చింది. ఆయన ముట్టుకోలేదు.

అమ్మకు తిండికి లోటు లేదు, మేమున్నాం. కానీ ఒకటో తారీఖు వస్తే పొద్దున్నే స్నానం చేసి వరండాలో కూర్చుంటుంది. "ఏమన్నా వచ్చిందా?" అని నోరు తెరిచి అడగదు. నా ముఖం చూసి లోపలికి వెళ్లిపోతుంది. ఆమెకు డెబ్బై ఆరేళ్లు సార్. ఈ టెన్షన్ ఇంకెన్ని నెలలు?

దయచేసి ఆ ఫైలు ఒక్కసారి తెప్పించి చూడండి. ఇంకా ఏ కాగితం కావాలో తేల్చి చెప్పండి, ఎక్కడికి రమ్మంటే అక్కడికి వస్తాను. మా నాయన ట్రంకు పెట్టె మీద ఆయన సైనిక నంబరు తెల్ల పెయింటుతో ఇంకా చెరగకుండా ఉంది. కావాలంటే అదీ మోసుకొస్తాను. అమ్మ బతికుండగానే ఇప్పించండి సారూ.

ఇట్లు,
ఒక మాజీ సైనికుడి కూతురు,
చిత్తూరు